గంటన్నర తేడా

“ఇంకొక్కసారి చెప్పు పేరమ్మా. ఆ ఆదివారం నువ్వు కిందికి దిగింది ఎన్నింటికి?”

“పదకొండింటికండి.”

“ఖాయమేనా?”

“ఆయ్. వాచీ చూసుకునే దిగేనండి.”

అప్పాజీ పెన్నుకి మూత పెట్టేశాడు. ఈ ప్రశ్న అడగడం నాలుగోసారి, ఈ జవాబు రావడమూ నాలుగోసారే. అబద్ధమాడేవాళ్ళు నాలుగుసార్లలో ఒక్కసారైనా ఐదు పది నిమిషాలు అటో ఇటో జరుగుతారు. ఈవిడ జరగదు. జరగకపోతే మునిగేది తనే అని తెలిసినా జరగదు. పదహారేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిముల దర్యాప్తు చేసిన మనిషికి ఇంత మొండి సాక్షి తగలడం ఇదే మొదలు. ఖర్మ ఏమిటంటే, ఈ సాక్షి తన పక్షమే.

దుబాయ్ సత్వాలో ఒక దర్జీ కొట్టు మీదున్న ఆ రెండు గదులు ఉచిత న్యాయ సహాయ కేంద్రం. వకీలుకి ఇచ్చుకోలేనివాళ్ళు అక్కడికి వస్తారు. అడ్వకేట్ శాంతిప్రియ కాగితాలు తయారు చేస్తుంది, కోర్టులో వాదించడానికి స్థానికుడైన ఒక వకీలు పైసా తీసుకోకుండా నిలబడతాడు, తిరిగి నిజాలు ఏరుకొచ్చే పని అప్పాజీది. 2020 వేసవిలో ఒకే నెలలో ఉద్యోగం పోయింది, కాకినాడలో భార్య పోయింది. విమానాలు లేవు. దహనం ఫోనులో చూశాడు. ఆ తర్వాత ఇంటికి వెళ్ళి చేసేదేమిటో తోచక ఇక్కడే ఉండిపోయాడు. ఎక్కడున్నా ‘తిన్నావా’ అని అడిగే గొంతు లేనప్పుడు సత్వా అయితేనేం, కాకినాడ అయితేనేం.

ఆయన ఫైలు మళ్ళీ తిప్పాడు. అక్టోబర్ ఎనిమిది, ఆదివారం. తూర్పు తీరాన ఖోర్ ఫక్కాన్‌లో ఒక బిల్డింగు నాలుగో అంతస్తు. పోర్టులో ఆఫీసరు సిద్ధార్థ్, ఆయన భార్య అమూల్య కాపురముండే ఫ్లాటు. సిద్ధార్థ్ ఏడింటికి డ్యూటీకి వెళ్ళాడు. అమూల్య తొమ్మిదింటికి ఫుజైరా బజారుకి వెళ్ళింది. పదకొండూ ఐదుకి వంటింట్లోంచి పొగ వస్తోందని నాతూర్, అంటే బిల్డింగు వాచ్‌మన్, ఫైరింజనుకి ఫోన్ చేశాడు. పొయ్యి మీద నూనె మూకుడు పెట్టి వదిలేస్తే అంటుకుంది. వంటిల్లు బుగ్గయింది, పక్క ఫ్లాటు గోడ కూడా పగిలింది.

పదకొండుకి దిగానని పేరమ్మ తన నోటితోనే వాఙ్మూలం ఇచ్చింది. పదకొండూ ఐదుకి మంట. ఇంకేం కావాలి? పనిమనిషి నిర్లక్ష్యమే కారణమని, నష్టమంతా ఆవిడే భరించాలని సిద్ధార్థ్ సివిల్ దావా వేశాడు. దేశం దాటకుండా ఆంక్ష పెట్టించాడు. రేపు ఉదయం పదింటికి వాయిదా. ఓడిపోతే ఆ నష్టం తీర్చేదాకా విమానం ఎక్కనివ్వరు. ఇళ్ళల్లో గిన్నెలు తోమే మనిషి అది తీర్చడమంటే ఈ జన్మకి అయ్యే పని కాదు. అమలాపురం హాస్టల్లో ఆవిడ కూతురు సువార్త పదో తరగతి చదువుతోంది. నాలుగేళ్ళయింది తల్లీకూతుళ్ళు ఒకరినొకరు ముట్టుకుని.

“దిగి ఏం చేశావు?”

“రహీం భాయ్ కొట్టుకెళ్ళేనండి. ఆయన ఫోన్లోంచి పిల్లతో మాటాడేను. నా ఫోను పాడైపోయిందండి. హాస్టలోళ్ళు ఆదివారం పదకొండింటికే ఇస్తారు ఫోను. ఓ అరగంట మాటాడేను. పైకెళ్ళి తలుపు కొట్టేను…” అని ఆగింది. 

“ఎవరూ లేని ఇంటి తలుపు ఎందుకు కొట్టావు?”

“అమ్మగారొచ్చేసేరేమో అనండి. తియ్యలేదు. మళ్ళీ కిందికొచ్చి భాయ్‌కి కొత్తిమీర కట్టలు కట్టిపెట్టేను, రెండు పెట్టెలు. అప్పుడండి, పొగ పొగ అని అరిచేరు.”

“పేరమ్మా! పదకొండుకి దిగావు. పదకొండూ ఐదుకి పొగ. ఈ ఐదు నిమిషాల్లో అరగంట ఫోనూ, నాలుగంతస్తులు ఎక్కి దిగడమూ, రెండు పెట్టెల కొత్తిమీరా! నన్నే నమ్మమంటావు, రేపు జడ్జిగారిని కూడా నమ్మమంటావు.”

ఆవిడ చేతిగాజులు వెనక్కి తోసుకుని వాచీ చూసుకుంది. గోడ మీద గడియారం ఎనిమిది చూపిస్తోంది.

“పిల్లలు క్లాసులోకి ఎల్లిపోయుంటారండి ఈపాటికి,” అంది ఆ గదిలో ఎవరితోనూ కాకుండా.

అప్పాజీకి చిరాకేసింది. లేచి కారు తాళాలు తీసుకున్నాడు. గుమ్మంలో శాంతిప్రియ ఎదురైంది. “సాయంత్రం ఏడింటికల్లా నేను జవాబు దాఖలు చెయ్యాలి అప్పాజీ గారూ. ఏదో ఒకటి తెచ్చిపెట్టండి. ఆవిడ అబద్ధమాడుతోందని తేలినా సరే, ముందు నాకే తెలియాలి,” అంది.

* * *

పదకొండింటికి ఫ్లాటు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డవాణ్ణి చూడగానే అప్పాజీ మొహం మాడిపోయింది. మూర్తి. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు. తొమ్మిదేళ్ళ కింద ఈ పనిలో ఓనమాలు దిద్దించింది తనే. ఉద్యోగాలు ఊడబెరికినప్పుడు గురువుని పంపి శిష్యుణ్ణి ఉంచుకున్నారు. ఇప్పుడు సిద్ధార్థ్ తరఫున రిపోర్టు రాసేది ఈ మహానుభావుడే.

“రండి సార్. మీరింకా ఈ ఫ్రీ సర్వీసేనా? నా దగ్గరికి వచ్చేయండి, పార్ట్ టైం ఇప్పిస్తా,” అన్నాడు మూర్తి నవ్వుతూ.

“పన్నెండు దాకా టైమిచ్చారు. నీ ఉద్యోగం సంగతి పన్నెండు దాటాక మాట్లాడుకుందాం.”

“ఏముంది సార్ చూడటానికి? ఆమే ఒప్పుకుంది. సగం మూకుడు నూనె, ఫుల్ మంట. పది పదిహేను నిమిషాల్లో అంటుకుంటుంది. పదిన్నర దాటాక పెట్టింది, పదకొండుకి ఫోన్ పిచ్చిలో దిగిపోయింది. ఖలాస్. ఓపెన్ అండ్ షట్ కేసు.”

అప్పాజీ ముందు తలుపు చూశాడు. వదిలితే తనంతట తనే లాకు పడే రకం. బయటినుంచి తాళంచెవి లేకుండా తెరవడం కుదరదు.

“తాళంచెవులు ఎన్ని?”

“రెండే. ఒకటి సిద్ధార్థ్ గారి దగ్గర, ఒకటి మేడం దగ్గర. పనివాళ్ళకి కీ ఇవ్వరు సార్ వాళ్ళు, చాలా జాగ్రత్త మనుషులు.” ఇదేదో మెచ్చుకోవలసిన సంగతైనట్టు చెప్పాడు మూర్తి.

వంటిల్లు ఐదు వారాలుగా అలాగే ఉంది. పొయ్యి పైన గోడ అంతా మసి. మూకుడు అడుగు నల్లబడి వంకర పోయింది. అప్పాజీ మోకాళ్ళ మీద కూర్చుని నేలనుంచి పైకి చూసుకుంటూ వచ్చాడు. పక్కనే స్టోరు గది, పేరమ్మ పడుకునే చోటు. మంచం లేదు, బియ్యం బస్తాల పక్కన చుట్టిపెట్టిన పరుపు. ఆ గది తలుపు వంటింటి వైపు కాలి బొగ్గయింది, లోపలి గోడలు మాత్రం తెల్లగానే ఉన్నాయి. మంట లేచినప్పుడు ఆ తలుపు మూసి ఉంది. గడియ లోపలి వైపే ఉంది.

వంటింటి అరల్లో ఒక మూల విడిగా ఒక స్టీలు కంచం, ఒక గ్లాసు ఉన్నాయి. అప్పాజీకి చెప్పక్కర్లేదు. ఇలాంటి ఇళ్ళలో పనిమనిషికి కంచం వేరు, గ్లాసు వేరు. ఇంటివాళ్ళ కంచాలు తోమడమే తప్ప వాటిలో తినడానికి లేదు. పేరమ్మ కంచం కడిగి బోర్లించి ఉంది, మీద మసి పేరుకుంది.

స్టోరు గదిలో బస్తాల వెనక ఇంకో వస్తువు కనిపించింది. పెద్ద గిన్నె మీద పెట్టే మూత, వెల్లకిలా పడి ఉంది. అందులో ఎండిపోయిన అన్నం మెతుకులు, అంచున ఆవకాయ మరక.

అప్పాజీ ఆ మూతని చూస్తూ ఉండిపోయాడు. ఆవిడకి కంచం ఉంది. ఉన్న కంచం కడిగి పెట్టుకుని, మూతలో ఎందుకు తింటుంది?

“ఏం సార్, మూత కూడా ఎవిడెన్సేనా?” అన్నాడు మూర్తి వెనకనుంచి.

“గిన్నె మీద మూత కనపడకపోతే నాకు తోచదయ్యా, అంతే,” అని అప్పాజీ ఫోటో తీసుకుని లేచాడు. మూర్తి నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. మూత వైపు ఒకసారి, గురువు మొహం వైపు ఒకసారి చూశాడు. చూసింది చెప్పొద్దు, చూసిన చోటే చూపు నిలపొద్దు అని తొమ్మిదేళ్ళ కింద నేర్పిన పాఠం ఇవాళ తనే తప్పాడని అప్పాజీకి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది.

* * *

బిల్డింగు కిందనే బకాలా. రాయచోటి నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళుగా పచారీ సామాను అమ్ముకుంటున్న అబ్దుల్ రహీం టీ కప్పు చేతిలో పెట్టి, “పేరమ్మక్క బాగుండాదా సార్?” అని అడిగాడు. ఆవిడ గురించి అలా అడిగిన మొదటి మనిషి.

“భాయ్, ఆ ఆదివారం పదకొండింటికి పేరమ్మ నీ కొట్టుకి వచ్చిందా?”

“పదకొండుకా? పదకొండుకు వచ్చేదేంది సార్, అప్పటికి ఆయమ్మ కొత్తిమీర అంతా కట్టేసింటే!”

అప్పాజీ టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

“మరి ఎన్నింటికి వచ్చింది?”

“తొమ్మిదిన్నరకు. ప్రతి ఆదివారం అదే టైం. గడియారం తిప్పిపెట్టుకోవచ్చు ఆయమ్మను చూసి.”

“ఈ మాట ఎవరికైనా చెప్పావా?”

“ఎవరడిగినారు సార్? పోలీసోళ్ళు నాతూర్‌ను అడిగినారు. ఆ మెడలో కార్డు సార్ పైకి పోతాడు, వస్తాడు. అంగడోణ్ణి ఎవరడుగుతారు?” అంటూ రహీం ఫోను తీసి, పాత కాల్స్ వెతికి చూపించాడు. అక్టోబర్ ఎనిమిది. అమలాపురం నంబరు. మొదలైంది తొమ్మిదీ ముప్ఫై నాలుగు. ఇరవై ఎనిమిది నిమిషాలు.

అంతా సరిపోయింది. అరగంట ఫోను, మెట్లెక్కి దిగడం, రెండు పెట్టెలు. పేరమ్మ చెప్పిన పనులన్నీ నిజం. అబద్ధమల్లా పదకొండు ఒక్కటే. ఆ పదకొండేమో వాచీ చూసి చెప్పింది. తొమ్మిదిన్నరకీ పదకొండుకీ తేడా గంటన్నర.

గంటన్నర!

అప్పాజీ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఈ దేశంలో ఉంటూ ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ వేళ్ళ మీద కలుపుకున్న లెక్క అది. ఇక్కడ తొమ్మిదిన్నరైతే అక్కడ పదకొండు. పొద్దున ఎనిమిదింటికి వాచీ చూసి పిల్లలు క్లాసులోకి వెళ్ళారంది. అక్కడ అప్పుడు తొమ్మిదిన్నర. ఆవిడ వాచీ దుబాయ్‌లో ఎన్నడూ దిగనే లేదు. నాలుగేళ్ళుగా ఆ మణికట్టు మీద అమలాపురం టైమే నడుస్తోంది. కూతురు లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ. ఆవిడ ఖోర్ ఫక్కాన్‌లో గిన్నెలు తోముతూ హాస్టలు గంటల ప్రకారం బతుకుతోంది. ఆ సంగతి అడగాలని పోలీసులకి తోచలేదు, ఆవిడ మాట వాళ్ళకి హిందీలోకి మార్చి చెప్పినవాడికి తోచలేదు. చేతికి వాచీ ఉన్న ప్రతివాడూ, ఏ వాచీ అయినా ఇక్కడి టైమే చూపిస్తుందనుకున్నాడు. అందరికంటే ఎక్కువ సిగ్గుపడాల్సింది తనే.

ఫోటోలు తీసుకుని కారెక్కాడు. శాంతిప్రియకి చెప్పేద్దామని నంబరు నొక్కాడు. నొక్కి, మోగకముందే కట్ చేశాడు.

తాళంచెవి లేని మనిషి, వదిలితే లాకు పడే తలుపు వేసుకుని కిందికెందుకు దిగుతుంది? వెనక్కి వచ్చేసరికి తలుపు తీసేవాళ్ళు లోపల ఉంటేనే దిగుతుంది. మూకుడు అంటుకోవడానికి పది పదిహేను నిమిషాలు చాలు. పేరమ్మ దిగిన గంటన్నరకి మంట లేచిందంటే, పొయ్యి వెలిగించింది ఇంకొకరు. మూతలో అన్నం తిన్నవాళ్ళు. ఇంటివాళ్ళ కంచం ముట్టడానికి వీల్లేక, తన కంచం ఒక్కటే ఉంటే, పేరమ్మ మూతలో పెట్టి ఇచ్చిన మనిషి.

ఆ మనిషి జాడ కోసం నాలుగింటిదాకా ఆ చుట్టుపక్కలే తిరిగి, ఏమీ దొరక్క బయల్దేరాడు. దారి పొడుగునా శాంతిప్రియ ఫోను రెండుసార్లు మోగింది. అప్పాజీ ఎత్తలేదు.

* * *

పేరమ్మ ఇప్పుడు సత్వాలోనే, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ఎనిమిదిమంది కలిసి ఉండే ఒక గదిలో తలదాచుకుంటోంది. రెండంతస్తుల మంచాలు, మంచానికో తెర. ఆ తెర వెనక ఉన్నంతే ఎవరి ఇల్లయినా. మిగతావాళ్ళు పనులనుంచి ఇంకా రాలేదు. అప్పాజీ గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకున్నాడు.

“ఇప్పుడు టైమెంత పేరమ్మా?”

ఆవిడ వాచీ చూసింది. “ఏడూ నలభయ్యండి.”

అప్పాజీ తన ఫోను ఆవిడ ముందు పెట్టాడు. ఆరూ పది.

“ఇక్కడి టైంతో నాకేం పనండి బాబూ,” అంది పేరమ్మ మెల్లగా. “ఇక్కడ అమ్మగారు లెమ్మంటే లెగుత్తాను. అజాన్ ఇచ్చేరంటే అన్నం వార్చేత్తాను. మా పిల్ల ఏం చేత్తందో తెలవడానికేనండి ఈ వాచీ. ఇది తిప్పేసేనంటే అది నాకు కనపడదండి.”

అప్పాజీ కాసేపు అటు తిరిగి కూర్చున్నాడు.

“ఆ ముక్క చెప్పుంటే ఈపాటికి నువ్వు ఇంటికి వెళ్ళిపోయేదానివి కదే తల్లీ!”

“ముందు నాకూ తెలవదండి. వకీలమ్మగారు ఐదు నిమిషాల్లో ఇన్ని పనులెలాగని అడిగేరు చూడండి, అప్పుడు బుర్రకెక్కింది. దిద్దుదామనే నోరిప్పేను. దిద్దితే…” అని ఆపేసింది.

“దిద్దితే లోపల ఇంకో మనిషి ఉందని బయటపడుతుంది. మూతలో అన్నం పెట్టావు. ఎవరికి?”

పేరమ్మ మెట్ల వైపు ఎవరూ లేరని తొంగి చూసుకుంది. మాట్లాడటం మొదలెట్టాక మాత్రం ఆపలేదు. నాగదుర్గ. చుట్టం కాదు, పక్కం కాదు, తమ ఊరి పిల్ల. కల్బాలో ఒక ఇంట్లో పనికి పెట్టారు. పదకొండు నెలలు గుమ్మం దాటనివ్వలేదు, ఫోను లాక్కున్నారు. తట్టుకోలేక పారిపోయి వచ్చింది. పారిపోయిందని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కేసు పెట్టాడు. శనివారం సాయంత్రం ఎవరికీ తెలియకుండా పేరమ్మ స్టోరు గదిలో దాచింది. ఆదివారం దిగేటప్పుడు, ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దు, నేను మూడుసార్లు కొడతానని చెప్పింది. వచ్చి కొడితే తియ్యలేదు.

“రెండు రాత్రుళ్ళు నిద్దర్లేదండి దానికి. చచ్చినట్టు పడుకుంది. లేచేసరికి ఆకలేసిందట. ఒడియాలు ఏపుకుందామని నూనెట్టింది. ఈలోగా నీళ్ళ సీసాలోడు బెల్లు కొట్టేడట. పట్టుకోడానికొచ్చేరనుకుని స్టోరులోకి దూరి గడియెట్టేసుకుంది. మంట చూసేసరికి ఏముందండి, మెట్లట్టుకుని పారిపోయింది. దాని తప్పేటండి? భయం కదండి.” పేరమ్మ రెండు చేతులూ జోడించింది. “పదకొండే ఉండనియ్యండి బాబుగారూ. మీకు దణ్ణం పెడతాను. నాదైతే దావా. దానిదైతే జైలు.”

“సువార్తో?”

ఆవిడ మొహం ఒక్కసారి నలిగిపోయింది. “అది తెలివైన పిల్లండి. అర్థం చేసుకుంటాది,” అంది.

ఫోను మోగింది. శాంతిప్రియ అనుకున్నాడు. కాదు, మూర్తి.

“సార్, కంగ్రాట్స్. మీ క్లయింటు నిర్దోషి. మీరెళ్ళాక నేనూ టీ తాగా రహీం దగ్గర. మీరు నేర్పించిందే కదా, ఎదుటివాడు ఎక్కడ ఆగాడో అక్కడ మనమూ ఆగి చూడాలని.”

అప్పాజీ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

“ఆ మూత దగ్గర మీరు అరనిమిషం ఆగారు సార్. అప్పుడే అనుకున్నా. మెట్ల దగ్గర కెమెరా ఉంది, పదకొండూ ఏడుకి తలమీద చున్నీ కప్పుకుని ఒకామె దిగింది. మొదట చూసినప్పుడు పక్క ఫ్లాటామె అనుకున్నా. ఇప్పుడు బొమ్మ ప్రింటు తీయించా. కల్బాలో పారిపోయిన పనిపిల్ల ఫోటోతో పోల్చి చూశా, ఆమే. సింపుల్ సార్. రేపు మీ పేరమ్మ పదకొండే అంటే, నేను ఎవర్నీ చూడలేదు. తన ఇంట్లో అలాంటి మనిషి ఉందని బయటికొస్తే సిద్ధార్థ్ గారికీ తలనొప్పే, నా రిపోర్టుకీ తలనొప్పే. మీరు తొమ్మిదిన్నర అన్నారా, ఆ బొమ్మ కల్బా కఫీల్‌కి, పోలీసులకి వెళ్తుంది.”

“బెదిరిస్తున్నావా మూర్తీ?”

“మాట్లాడుకుందామంటున్నా. కోర్టు కాగితాల్లో ఆమె అడ్రస్ ఉందిగా, వచ్చేశా. కింద కారు పార్కింగ్ దొరకలేదు. ఐదు నిమిషాల్లో పైకొస్తా.”

అప్పాజీ ఫోను పెట్టేశాడు. ఏడింటికి దాఖలు. ఆరూ ఇరవై అయింది. నిజం చెబితే ఒక ఆడమనిషి బయటపడుతుంది, ఇంకొకామె చిక్కుకుంటుంది. చెప్పకపోతే అటుది ఇటు. తన చేతికి దొరికిన నిజం మీద ఆయనకి జీవితంలో మొదటిసారి అసహ్యం వేసింది.

“ఆ పిల్ల ఎక్కడుంది పేరమ్మా? ఇప్పుడైనా చెప్పు. ఇక్కడికి అతను వస్తున్నాడు.”

పేరమ్మ తల అడ్డంగా ఊపింది. కానీ గది చివర పై మంచం తెర కదిలింది. ఒక పిల్ల కిందికి దిగింది. పాతికేళ్ళు ఉండవు. ఎడమచేతి మీద కాలిన మచ్చ. ఐదు వారాలుగా ఆ తెర వెనకే ఉందని, ఇంతసేపూ అన్నీ విందని ఆ మొహమే చెప్పింది.

“నేనేనండి దుర్గని. రేపు నేనే వచ్చి చెప్తానండి, నూనెట్టింది నేనేనని,” అంది నాగదుర్గ. “పంపించేత్తే పంపించెయ్యమనండి. పంపేది ఇంటికే కదండి.”

“దుర్గా! లోపలికి పో!” అని పేరమ్మ అరిచింది.

అప్పాజీ ఆ పిల్లని కూర్చోమన్నాడు.  చెప్పక తప్పదు.

“అమ్మా, పంపించరు. ఆ నష్టం దావా ఇప్పుడు పేరమ్మ మీద ఉంది. నువ్వు చెప్పాక నీ మీదికి మారుతుంది. అది తేలేదాకా దేశం దాటనివ్వరు. పారిపోయిన కేసు వేరే ఉంది. లోపల పెడతారు, ఇంటికి పంపరు. నువ్వు నోరు విప్పే ముందు నీకు వకీలు కావాలి. నిన్ను ఎలా పెట్టారో, ఎందుకు పారిపోయావో చెప్పుకోవడానికి గట్టి మనిషి కావాలి.”

నాగదుర్గ అర్థమైనట్టు తలూపింది. కళ్ళు తుడుచుకుంది.

“ఉచితంగా చేసే వకీలమ్మగారు నాక్కూడా చేస్తారాండి?”

అప్పాజీ తలవంచుకున్నాడు. ఒకే దావాలో తప్పు నాది కాదు, ఆమెది అని ఒకరి తరఫున నిలబడ్డ వకీలు, ఆ రెండో మనిషి తరఫున నిలబడటానికి వీల్లేదు. కేంద్రంలో ఉన్నది ఒక్క శాంతిప్రియ. ఇంకొకర్ని వెతకడానికి నెలలు పడుతుంది. ఆ సంగతి ఆయన ఎంత మెత్తగా చెబుదామన్నా నాలుగు మాటలకంటే ఎక్కువ కాలేదు.

“ఇద్దరికీ చెయ్యకూడదమ్మా. ఒక్కరికే.”

 మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తోంది.

పేరమ్మ తన మంచం కింది పెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరులో మడిచిపెట్టుకున్న కాగితం తీసింది. వకీలుని పెట్టుకుంటున్నానని పది రోజుల కింద వేలిముద్ర వేసిన కాగితం. ఈ దేశంలో ఆవిడ పక్షాన ఎవరో ఒకరున్నారని చెప్పే రుజువు అదొక్కటే. దాన్ని అప్పాజీ ఒళ్ళో పెట్టింది.

“నా పేరు కొట్టేసి దాని పేరు రాసెయ్యండి బాబుగారూ,” అంది.

తలుపు మీద మూర్తి వేళ్ళతో తట్టాడు. అప్పాజీ పెన్ను మూత తీసి చేతిలో పట్టుకుని, ఆ ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చున్నాడు.